రెస్టు

పెరంబూరులో వాన వెలిసిన సాయంత్రం
స్కానింగు కవరు చంకలో పెట్టుకుని
ఇంటికి పోకుండా ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కాను.
నడుములో నాలుగో పూసకీ ఐదో పూసకీ
పడటం లేదట.
డాక్టరమ్మ రాసింది ఒకటే మాట:
రెస్టు.

మునిరత్నం ఆ కాగితాన్ని ట్యూబులైటుకి ఎత్తి చూసి
"పదేండ్లుగా నేను చెప్పేదీ ఇదే గదా నైనా" అన్నాడు.
బల్ల కింది కొక్కేల నుంచి పొడుగాటి కర్ర లాగి
కొసనున్న ఇత్తడి ఇంటూ గుర్తుని
తువ్వాలుతో తుడిచి
నా చేతిలో పెట్టాడు.

దాన్ని నేనెప్పుడూ ముట్టింది లేదు.
పచ్చగుడ్డ మీదికి పొట్ట ఆనించి
ఒక కాలు గాల్లో, రెండో కాలి బొటనవేలు నేల మీద,
సాగి సాగి కొట్టేవాణ్ణి.
రెస్టంటే పొట్టివాళ్ళకీ పెన్షనుదార్లకీ అనేవాణ్ణి.
పాతికేళ్ళు బోగీల కింద దూరి వెల్డింగు చేసినవాడికి
వంగడం చేతకాదంటే
ఎవడొప్పుకుంటాడు?

"పైకెత్తి పట్టుకోవద్దు, ఇది జెండా కాదు.
గుడ్డ మీద పడుకోబెట్టు.
ఎడమచెయ్యి దాని మీద ఆనించు
నిద్రపోయే బిడ్డ మీద వేసినట్టు.
కదిలినావో, లేస్తుంది."
తెల్లబంతికి మరీ దగ్గరగా జరిపాను.
"దానికీ ఊపిరాడనీ. జానెడు వెనక్కి."

క్యూ చివర పిడికిలి బిగించాను.
సుత్తి కాదన్నాడు. కలం అన్నాడు.
నేను కలం పట్టేది జీతం పుస్తకంలో సంతకానికే.
కింద బొటనవేలు, పైన రెండు వేళ్ళు,
మోచెయ్యి పక్కకి, తెరిచిన తలుపు రెక్కలా.
"వెనక్కి కొంచెమే లాగు నైనా,
బావిలో చేద కాదు.
పొడవద్దు. పంపించు."

ఆ తేడా ఏంటో ఆ రాత్రి తెలియలేదు.

మూడు వారాలు, షిఫ్టు దిగి, టీ తాగి,
నలుపు దాని చుక్క మీద, తెలుపు బల్ల నడిమధ్య,
రోజుకి యాభై సార్లు.
మొదట్లో ఇత్తడి గాడిలోంచి క్యూ ఎగిరి
దారి తప్పిన కోడిపిల్లలా పోయేది.
తర్వాత తెలిసింది,
కొట్టీ కొట్టకముందే తల లేపుతున్నానని.
పడుతుందో లేదో చూడాలి కదా మరి.
నేను నమ్మడం లేదని
బంతికి ముందే తెలిసిపోయేది.

ఇంట్లో వనజాక్షి అడిగేది,
"రెస్టు తీసుకున్నావా?"
"రెండు గంటలు" అనేవాణ్ణి.
అబద్ధం కాదు.

నిన్న ధనపాలుతో ఆఖరి ఫ్రేము.
కిటికీ అవతల గూడ్సు పోతుంటే
బల్ల మీది దీపాలు సన్నగా వణికాయి.
ఎరుపు పడింది. నలుపు మూల వైపు చూస్తోంది.
తెలుపు మాత్రం, పాత నేనైతే
పొట్ట మీద పాక్కుంటూ పోయేంత దూరంలో.

గూడ్సు చివరి పెట్టె దాటేదాకా ఆగాను.
కర్ర పడుకోబెట్టాను. జానెడు.
గడ్డం క్యూ మీదికి. వెనక్కి కొంచెమే.
పంపించాను.
తల లేపలేదు. చెవులతో విన్నాను
మూల పాకెట్లో నలుపు కూర్చున్న చప్పుడు.

ధనపాలు "అబ్బా" అన్నాడు.
ఆ అబ్బాకి మురిసిపోయి కర్ర లేపాను.
ఇత్తడి కొస గులాబీ బంతికి తగిలింది,
పిల్లి మీసమంత.

"ఫౌలు. ఏడు, ధనపాలుకి."
మునిరత్నం మొహంలో ఏమీ లేదు.
స్కోరు బోర్డు మీద ముల్లు జరిపాడు,
నా ఏడుని అవతలి వరసలోకి.

ఫ్రేము పోయింది.
కర్ర నా చేతిలోంచి తీసుకుని
కొక్కేలకి తగిలిస్తూ అన్నాడు,
"పెట్టేది నేర్పినాను. తీసేది మిగిలింది.
రేపు ఆరింటికి రా."

మెట్లు దిగుతుంటే గమనించాను,
రెయిలింగు పట్టుకోలేదు.